ఈగ మారక్కది, చీటీ నాది

కీటకాల ఉద్యోగంలోకి కొత్తగా వచ్చిన పిల్లలు నా దగ్గరికి వస్తే ముందుగా అడిగేది ఒకటే. "సార్, మీరు ఎన్ని కొత్త పురుగులు కనిపెట్టారు?" ఒక్కటీ కనిపెట్టలేదని చెబితే వినయం అనుకుంటారు. వినయమూ లేదు, వంకాయా లేదు. నా పేరు పక్కన ఒక చిన్న ఈగ పేరు పత్రికలకెక్కిన మాట నిజం. దాన్ని కనిపెట్టింది మాత్రం నేను కాదు. అది నా పేరు పక్కకు ఎలా చేరిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను. రాయడానికి సిగ్గుగా ఉంది. రాయకుండా ఉండడానికి అంతకన్నా ఎక్కువ సిగ్గుగా ఉంది.

మాది పావగడ తాలూకా మంగళవాడ. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, పొలంలో శెనక్కాయలు. చదువయ్యాక మెట్టసాగు పరిశోధన కేంద్రంలో, కీటకాల విభాగంలో చేరాను. రిటైరయ్యేదాకా అదే విభాగం, అదే కిటికీ పక్క బల్ల. ఎప్పుడు ఏ హోదా వచ్చిందో చెప్పి మిమ్మల్ని విసిగించను. ఈ ఉద్యోగం అంటే వల పట్టుకుని సీతాకోకచిలుకల వెంట పరుగెత్తడం అనుకుంటారు బయటివాళ్లు. అసలు ఉద్యోగం నడుం నొప్పి, నాఫ్తలీన్ ఉండల వాసన, ఎండలో ఏ మూలో నిలబడి ఉండగా ఒక రైతు ప్లాస్టిక్ కవర్లో ఆకు తెచ్చి "దీనికి ఏం మందు కొట్టాల సార్?" అని అడగడం. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడమే ముప్పావు వంతు పని. మిగతా పావు వంతు చీటీలు రాయడం. నేను తప్పు చేసింది ఆ పావు వంతులో.

పెద్దసారు నేర్పిన పాఠం

మా విభాగాధిపతిని అందరం పెద్దసారు అనేవాళ్లం. హిందూపురం మనిషి. గొంతు పెద్దది, మనసు ఇంకా పెద్దది, నోరు మాత్రం మంచిది కాదు. పురుగును సూదికి గుచ్చి పెట్టెలో పెడతాం కదా, ఆ సూదికే, పురుగు కింద, బొటనవేలి గోరంత కాగితం ముక్క ఒకటి గుచ్చుతాం. అదే చీటీ. ఏ ఊరు, ఏ రోజు, ఏ చెట్టు మీద, ఎవరు పట్టారు అని దాని మీద చీమల బారులాంటి అక్షరాలతో రాయాలి. చేరిన మొదటి నెలలో నేను పట్టిన పురుగులన్నింటికీ "పావగడ" అని మాత్రం రాసి పెట్టాను. ఆయన పెట్టె తెరిచి చూసి, సూదులన్నీ పీకి నా బల్ల మీద పోశారు.

"పావగడ అంటే ఏ పావగడప్పా? కొండనా, బస్టాండా? ఈగ కాలిరిగితే ఇరగనీ, ఏం పోదు. చీటీ తప్పు రాసినావంటే ఆ ఈగ చచ్చి కూడా దండగ."

ఆ రోజు ఆయనను చాదస్తుడు అనుకున్నాను. తర్వాత ఎంతోమంది అధికారుల కింద పని చేశాను. ఆయనంతటి మనిషి మళ్లీ తగల్లేదు. నేను అబద్ధం చెప్పింది ఆయనకే.

మందు కొట్టమన్న రోజు

ఉద్యోగంలో చేరిన మూడో ఏడో నాలుగో ఏడో, కార్తీకంలో, క్యాతగానచెర్లు నుంచి కబురొచ్చింది. అనప చేలల్లో పురుగు పడిందట. ఇప్పుడు ఆ ఊరు పేరు చెబితే అందరికీ సోలార్ పలకలే గుర్తుకొస్తాయి. అప్పుడు శెనక్కాయ, కంది, అనప, మధ్యలో రాళ్ల గుట్టలు. బస్సు దిగి నడిచి వెళ్లాను. పది మంది రైతులు వెంట వచ్చారు. చేలన్నీ తిప్పి చివరికి ఊరి కింద వంక, అంటే చిన్న వాగు, పక్కన ఉన్న ఒక చిన్న పొలం చెక్క దగ్గరికి తీసుకెళ్లారు.

ఆ చెక్క మారక్కది. ఆమెది అనడానికి కాగితం లేదు. వంక పక్క ఖరాబు భూమి అది. పహణీలో, అంటే భూమి రికార్డులో, సర్కారుది, వాడకంలో ఆమెది. ఒకప్పుడు గొర్రెలు కాసిన ఇల్లు. గొర్రెలు పోయాక ఆమె మొగుడు కూలికి పోయేవాడు. ఆమె ఆ వంక గట్టున ముళ్లకంప నరికి, రాళ్లు ఏరి, అనప వేసుకునేది. అప్పటికి ఆమెకు ముప్పై ఏళ్లు ఉంటాయేమో, నాకన్నా రెండు మూడేళ్లు పెద్ద.

అనప కొమ్మల చివర్లన్నీ పేనుబంకతో నల్లగా ఉన్నాయి. ఆ పేను మధ్యలో బియ్యపు గింజంత, మట్టి రంగు పురుగులు, ఒంటి నిండా చిన్న చిన్న ముళ్లతో, కదిలీ కదలనట్టు ఉన్నాయి. చూడగానే చెప్పేశాను, మందు కొట్టమని.

"దేనికి సార్ కొట్టేది? పేనుకా, ఈ పురుక్కా?" అని అడిగింది మారక్క.

"రెండింటికీ."

"ఈ పురుగు పేన్ని తింటాది గదా సార్. దీన్ని సంపేస్తే పేన్ని ఎవురు తినాల? నువ్వా?"

అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండింది. కొత్త ఉద్యోగం, కొత్త ప్యాంటు, పది మంది ముందు ఒక ఆడమనిషి అడిగిన ప్రశ్న. "కాళ్లు లేని పురుగు పేన్నెట్లా పట్టుకుంటాది మారక్కా? పాట పాడి పిలుస్తాదా?" అన్నాను. మళ్లీ నవ్వారు. ఈసారి ఆమెను చూసి.

ఆమె నవ్వలేదు, కోప్పడనూ లేదు. కొమ్మ పక్కన గట్టు మీద చోటు చూపించి, "కూసో సార్. కూసోని సూడు. తలకాయెత్తి పేన్ని పైకి లేపుతాది. లేపి పీల్సుకుంటాది. నేను రోజూ సూస్తానే ఉండాను" అంది.

నేను కూర్చోలేదు. బస్సుకు టైమైందని చెప్పాను. బస్సుకు ఇంకా గంటన్నర ఉంది. పిల్లలూ, ఈ ఉద్యోగంలో కూర్చోవడమే పని. నడిచి పట్టినవాటికన్నా కూర్చుని చూసినవే మిగులుతాయి. ఆ రోజు పావుగంట కూర్చుని ఉంటే నాకు తెలిసిపోయేది.

రైతులు నా మాట విని మందు కొట్టారు. మారక్క కొట్టలేదు. పదిహేను రోజుల తర్వాత వెళ్లి చూస్తే, మందు కొట్టిన చేలల్లో పేను రెట్టింపై కూర్చుంది. మారక్క చెక్కలో కొమ్మలకు పేను లేదు, ఎండిపోయిన పేను తొక్కలు మాత్రం ఉన్నాయి. ఆ రాత్రి పుస్తకం తీశాను. సిర్ఫిడ్ ఈగ. గాల్లో రెక్కలాడిస్తూ ఒకేచోట నిలబడుతుందే, ఆ ఈగ. దాని పిల్లపురుగు పేనుబంకను తింటుంది. ఈ ముక్క నాకు తెలియక కాదు. పరీక్షలో ఆ బొమ్మ గీశాను, మార్కులూ వచ్చాయి. కానీ బొమ్మలో పురుగు పెద్దది, పచ్చనిది. మారక్క చేలో ఉన్నది చిన్నది, మట్టి రంగుది. బొమ్మలు చూసి చదువుకున్నవాడు చేసే తప్పు అది. పేను కోసం ఆకలితో ఉన్న పురుగును చూసి దాని ఆకలి పంట మీద అనుకున్నాను.

మందు కొట్టమని చెప్పిన రైతులందరి దగ్గరికీ వెళ్లి తప్పు ఒప్పుకోవాల్సింది. వెళ్లలేదు. మారక్క ఒక్కదానికే, పక్కన ఎవరూ లేనప్పుడు చెప్పాను. "నువ్వు చెప్పిందే నిజం మారక్కా."

"నిజమని నాకు తెలుసు గదా సార్. నీకు తెలిసింది, అంతే సాలు" అని నవ్వింది.

టానిక్ సీసా

ఆ పురుగును కొమ్మతో సహా కుండలో పెట్టి, పైన పల్చటి గుడ్డ కట్టి, రోజూ కాసింత పేను వేస్తే కొన్నాళ్లకు ఈగ బయటికొస్తుందని మాటవరసకు ఆమెకు చెప్పాను. చెప్పి మర్చిపోయాను. ఆమె మర్చిపోలేదు. మరుసటి ఏడు అనప పూతకొచ్చిన వేళ బస్సెక్కి మా కేంద్రానికి వచ్చింది. చేతిలో పిల్లల టానిక్ సీసా, మూతికి గుడ్డముక్క. లోపల రెండు ఈగలు.

"నీ మాటిని పెంచినా సార్. మా అత్త నన్ను పిచ్చిదానివంటాది. ఇవి అందరి ఈగల మాదిరి లేవు. మోకాలెత్తున మాత్రమే ఆడతాయి, ఇంకా పైకి లెయ్యవు. ఈ ముడ్డిపక్క ఎర్రగా ఉండాది సూడు" అంది.

గోధుమ గింజ కన్నా చిన్నవి. ఒళ్లు నలుపు, వెనక భాగం ఎండుమిరప రంగు. ఆ గుంపు ఈగలకు లాటిన్ పేరులో మొదటి సగం ప్యారగస్. ఒకదానికొకటి అచ్చు ఒకే పోలిక. ఆడ ఈగను చూసి ఏ జాతో చెప్పలేం. మగ ఈగ దొరకాలి, దాని పొట్ట చివర భాగం విప్పి సూక్ష్మదర్శిని కింద చూడాలి. మారక్క తెచ్చిన రెండింటిలో ఒకటి మగది. మూడు రోజులు కూర్చుని చూశాను. మా పుస్తకాల్లో ఉన్న దేనితోనూ కలవలేదు. దూరాన ఉన్న ఒక నిపుణుడికి బొమ్మలు గీసి పంపితే, ఇది చాలా తక్కువమందికి తెలిసిన ఈగ అనీ, ఎప్పుడో ఎక్కడో పట్టిన కొన్ని నమూనాలు తప్ప లేవనీ జవాబు రాశాడు.

ఇక చీటీ రాయాలి.

క్యాతగానచెర్లు, వంక గట్టు, అనప చెట్టు, పట్టింది మారక్క. నాలుగు ముక్కలు. ఆ నాలుగు ముక్కలు రాయడానికి నా చెయ్యి రాలేదు. కూలి చేసుకునే ఆడమనిషి టానిక్ సీసాలో తెచ్చిస్తే తీసుకున్నానని రాస్తే పదిమందీ నవ్వుతారని ఒక భయం. నువ్వేం చేశావయ్యా అని అడుగుతారని ఇంకో భయం. అన్నింటికీ కింద ఉన్నది భయం కాదు, ఆశ. ఒక్కసారైనా నా పేరు పత్రికలో చూసుకోవాలని ఆశ. చీటీ మీద మా పరిశోధన కేంద్రం పేరు రాశాను. పట్టినవారు అన్నచోట నా పేరు రాశాను.

పెద్దసారు పెట్టె తెరిచి చూశారు. "యాడ పట్టినావప్పా?"

"మన కేంద్రం ఫారంలోనే సార్. అనప మడిలో."

"నువ్వే పట్టినావా?"

"నేనే సార్."

ఆయన నా భుజం తట్టారు. ఎక్కడ ఏం పట్టామో రాసుకునే రోజువారీ పుస్తకం తెమ్మని అడగలేదు. అందరినీ అడిగేవారు, నన్ను అడగలేదు. ఆయన చేతిలో తయారైనవాణ్ణి కదా, నేను చీటీ తప్పు రాస్తానని ఆయనకు తోచలేదు.

ఆ తర్వాత ఒకసారి పావగడ సంతలో మారక్క ఎదురుపడింది. "నా ఈగ ఏమాయ సార్?" అంది.

"అది మామూలు ఈగే మారక్కా. అన్ని ఊర్లలోనూ ఉంటాది."

ఎందుకలా చెప్పానో నాకు బాగా తెలుసు. విశేషమైనదని చెబితే ఆమె పదిమందికి చెప్పుకుంటుంది. ఆ మాట ఏ రైతు నోటో మా కేంద్రానికి చేరుతుంది.

"అట్లనా? నాకు వేరే మాదిరి కనపడె" అంది.

"ఊరికే చూస్తూ కూర్చుంటే అన్నీ వేరేగానే కనపడతాయి" అన్నాను.

కూర్చుని చూడమని నాకు నేర్పిన మనిషితో అన్న మాట అది. ఆమె తల ఊపి, సంచి భుజానికెత్తుకుని వెళ్లిపోయింది.

దొరకని ఈగ

ఆ ఈగ గురించి పత్రికలో అచ్చయిన నా వ్యాసం చదివి దాని కోసం ఎవరో ఒకరు మా కేంద్రానికి వచ్చేవారు. మా అనప మళ్లలో వలలు పట్టుకుని తిరిగేవారు. సాయంత్రానికి చెమటలు కక్కుతూ ఖాళీ సీసాలతో వస్తే నేను టీ తెప్పించి ఇచ్చేవాణ్ణి. "చాలా అరుదైనది, అంత సులభంగా దొరకదు" అని తేలు కుట్టిన దొంగలా ముఖం పెట్టి చెప్పేవాణ్ణి. ఆ ఈగ అరుదైనదో కాదో ఈ రోజుకీ ఎవరికీ తెలియదు. అది లేనిచోట అందరూ వెతికారు, అది ఉన్నచోట ఎవరూ వెతకలేదు. నేనైనా వెళ్లి చూసి ఉండాల్సింది. ఆ ఊరి బస్సెక్కడానికి నాకు ముఖం చెల్లలేదు. వేరే పని మీద ఆ దారిన పోవాల్సి వస్తే కూడా జీపు ఆపేవాణ్ణి కాదు.

పిల్లలూ, ఒక మాట గుర్తుపెట్టుకోండి. అబద్ధపు చీటీ రాసినవాడు ఒక్కసారి రాసి ఊరుకోలేడు. దాన్ని కాపాడుకోవడానికి ప్రతి ఏడూ కొంచెం కొంచెం పని చేస్తూనే ఉండాలి.

వైశాఖంలో సర్వే

నేను ఇంకొన్ని నెలల్లో రిటైరవుతాననగా సోలార్ పార్కు పనులు ఆ చుట్టుపక్కల ఊళ్లలో సాగుతున్నాయి. పహణీలో పేరున్నవాళ్లు భూములు కౌలుకిచ్చారు. వానలు మొహం చాటేసిన ఊళ్లు అవి, వాళ్లను తప్పుపట్టే హక్కు నాకు లేదు. ఒక కాంట్రాక్టరు క్యాతగానచెర్లు కింద లోపలి దారి ఒకటి వేయాలి. దానికి ముందు ఆ చోట ఉన్న చెట్టూచేమా, పురుగూపుట్రా గురించి నివేదిక కావాలి. పురుగుల సంగతి రాయడానికి మా కేంద్రం నన్ను పంపింది. రెండు రోజులు. వైశాఖ మాసం.

ఎండాకాలంలో మెట్ట పొలాల్లో పురుగులు వెతకడమంటే పెళ్లయిన నెలకు వెళ్లి పందిట్లో చుట్టాలను వెతికినట్టే. మా ప్రాంతంలో సగం పురుగులు వానకు లేస్తాయి, మిగతా సగం చలికి వస్తాయి. నాకు మిడతలు, చీమలు, రెండు సీతాకోకచిలుకలు దొరికాయి. ఈ కాలంలో సర్వే చేస్తే ఏమీ తేలదని మొదటి రోజే చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. మీరు చెప్పండి. ఉద్యోగం పోదు, మహా అయితే మొహం మాడ్చుకుంటారు.

రెండో రోజు కాంట్రాక్టరు తరపు ఇంజినీరు నాతో వచ్చాడు. మధుగిరి పక్క కుర్రాడు, మంచివాడు. దారి గీత ఎక్కడ పోతుందో సున్నంతో చూపిస్తూ వంక దగ్గరికి తీసుకెళ్లాడు. గీత సరిగ్గా మారక్క చెక్క మీదుగా పోతోంది. ఆమె అక్కడే నిలబడి ఉంది. జుట్టు నెరిసింది. మొగుడు పోయి చాలా ఏళ్లయిందట. కాగితం లేని భూమికి కౌలు లేదు, పరిహారం లేదు. ఉన్నదల్లా ఆ వంక చెక్కే.

నన్ను చూసి ఆమె ముఖం వికసించింది. "సార్ నువ్వే వచ్చినావా! దేవుడు పంపినట్టు వచ్చినావు" అని ఇంజినీరు వైపు తిరిగింది. "నేను నీకు సెప్తి గదప్పా, ఈడ ఒక ఈగ ఉండాదని. అది ఈ గట్టు మీద తప్ప యాడా లేదు, ఊరంతా తిరిగి సూసినా. ఆ ఈగని ఈ సార్‌కి నేనే ఇచ్చినాను."

ఇంజినీరు నా వైపు చూశాడు. "ఏం సార్, అలాంటిదేమైనా ఉందా? ఉంటే ఒక్క వాక్యం రాసివ్వండి. దారిని వంక అవతలి పక్క నుంచి తిప్పేస్తాను. నాకు పెద్ద కష్టమేం కాదు, కాగితం మీద కారణం ఒకటి ఉండాలి, అంతే."

ఒక్క వాక్యం. అది రాస్తే ముప్పై ఏళ్ల కిందటి చీటీ ఎవరో ఒకరు బయటికి తీస్తారు. ఈగను ఈమె ఇచ్చి ఉంటే ఫారంలో నేనే పట్టానని ఎలా రాశావని అడుగుతారు. పెద్దసారు అప్పటికి బతికే ఉన్నారు, నా సన్మాన సభకు హిందూపురం నుంచి వస్తానని కబురు కూడా పంపారు. ఇవన్నీ నా తలలో తిరగడానికి ఎంతసేపు పట్టిందో చెప్పలేను. చాలా తక్కువసేపే.

"మామూలు ఈగేనండీ. అన్నిచోట్లా ఉంటుంది" అన్నాను.

మారక్క నన్ను చూసింది. "మామూలుదేనా సార్? బాగా గ్యాపకం తెచ్చుకో."

"మామూలుదే మారక్కా. అప్పుడే చెప్పినాను కదా."

నాతో వాదిస్తుందనుకున్నాను. ఒకప్పుడు పదిమంది ముందు నన్ను నిలదీసిన మనిషి. ఆమె కొంచెంసేపు వంక వైపు చూసి, ఇంజినీరుతో, "సరేప్పా అయితే. సార్ సదువుకొన్నోడు, ఆయనకి తెలుసు. నా కండ్లదే తప్పు" అంది. నా తరపున ఆమే సాక్ష్యం చెప్పింది.

నివేదికలో "చెప్పుకోదగ్గ కీటకజాతులేవీ లేవు" అని రాసి సంతకం పెట్టాను. వానాకాలం రాకముందే ఆ చెక్క మీద కంకర పడింది. ఇది చదివి సోలార్‌ను తిట్టేవాళ్లుంటారు. తిట్టకండి. అడిగినవాడు మర్యాదగానే అడిగాడు, తిప్పుతాననే అన్నాడు. కాదన్నది నేను.

నా సన్మానం బాగా జరిగింది. పెద్దసారు మాట్లాడుతూ, నేను రాసిన చీటీలను కళ్లు మూసుకుని నమ్మవచ్చని చెప్పారు. అందరూ చప్పట్లు కొట్టారు. దండ మెడలో ఉండగానే లేచి వెళ్లి ముఖం కడుక్కున్నాను. ఆయన మరుసటి ఏడు పోయారు. ఆయనకూ చెప్పలేదు.

హరిణి అడిగిన ప్రశ్న

రెండేళ్ల కిందట హరిణి అనే పరిశోధక విద్యార్థిని మా ఇంటికి వచ్చింది. మూడు అనప పంటల కాలం మా కేంద్రం మళ్లలో ఆ ఈగ కోసం వెతికిందట. తన నోటుపుస్తకం నా ముందు పెట్టింది. ప్రతి రోజూ ఏ మడి, ఎంతసేపు, ఎండ ఎంత, అన్నీ రాసింది. చివర్లో ప్రతి రోజూ సున్నా.

"సార్, మీరు ఏ మడిలో ఏ మూల పట్టారో కొంచెం గుర్తు చేసుకోండి. ఆ మూలలోనే కూర్చుంటాను. కదలను" అంది.

చెప్పేశాను. మారక్క సీసా నుంచి ఒక్క వాక్యం దాకా అన్నీ చెప్పాను. మా ఆవిడ కూడా వంటింటి గడపలో నిలబడి మొదటిసారి విన్నది. "నా మూడేళ్లు సార్" అని మాత్రం అంది హరిణి. ఏడుస్తుందనుకున్నాను. నోటుపుస్తకం సంచిలో పెట్టుకుని, "ఆమె ఉన్నారా?" అని అడిగింది.

మా పనిలో ఒక ఆచారం ఉంది. చీటీలో తప్పుంటే పాతదాన్ని పీకి పారేయకూడదు. సరిదిద్దిన చీటీ రాసి, అదే సూదికి, పాతదాని కింద గుచ్చాలి. చూసేవాళ్లకు రెండూ కనపడాలి. నేనూ హరిణీ కేంద్రానికి వెళ్లి ఆ పని చేశాం. పత్రికకు కూడా ఉత్తరం రాశాను. ఆ సూది ఉన్నన్నాళ్లూ నా అబద్ధం పైన, నిజం కింద, రెండూ ఉంటాయి. అలాగే ఉండాలి. హరిణి ఇప్పుడు ఆ వంక పొడవునా వెతుకుతోంది. ఈ రాత రాసేనాటికి ఇంకా కనపడలేదు.

క్యాతగానచెర్లు

కొత్త చీటీకి నకలు ఒకటి జేబులో పెట్టుకుని ఆ ఊరికి వెళ్లాను. మారక్క సోలార్ పలకల కింద గడ్డి కోసే పనిలో ఉందని చెప్పారు. చీర మీద ఆరంజి రంగు కోటు, తలకు తువ్వాలు, చేతిలో కొడవలి. ఇంకో నలుగురు ఆడవాళ్లు కొంచెం దూరంలో ఉన్నారు. నన్ను గుర్తుపట్టి, "రా సార్, ఈడ నీడలోకి రా" అని పలక కింద చోటు చూపించింది.

ఈసారి కూర్చున్నాను. మొత్తం చెప్పాను. చీటీ తీసి చదివి వినిపించాను. క్యాతగానచెర్లు, వంక గట్టు, అనప చెట్టు, పట్టినవారు మారక్క. ఆమె గడ్డి కోయడం ఆపి విన్నది. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండుననే వెళ్లాను. నిజం చెప్పాలంటే, ఎంత పెద్ద మనసు సార్ నీది, ఇన్నేళ్లకైనా వచ్చి చెప్పినావు అంటుందేమోనని కూడా లోపల ఎక్కడో ఒక మూల ఆశ ఉంది.

"అయితే అది మామూలుది కాదా?" అంది.

"కాదు."

"ఆ ఇంజినీరప్ప అడిగిన పొద్దు నీకు తెలుసా?"

"తెలుసు మారక్కా."

"తెలిసే అంటివా?"

"తెలిసే అన్నాను."

పైన పలక ఎండకు టిక్కు టిక్కుమంటోంది. అవతలి ఆడవాళ్లలో ఒకామె పిలిచింది, ఈమె పలకలేదు.

"నా కండ్లు సెడినాయనుకొంటి సార్. ఆ పొద్దునుంచి ఎవురేమి సూపించినా నాకు తెలీదనే సెప్తి. ఈ పిల్లోళ్లు పురుగు తెచ్చి అడిగితే గూడా నాకు తెలీదు పొండి అనింటి." ఆమె గొంతు పెరగలేదు. "ఏమీ లేని సోటు గదా పోయింది, పోనీలే, రోడ్డన్నా వస్తాది అని మనసుకి సెప్పుకొంటి. ఇన్నేండ్లు అట్లనే సర్దుకొంటి. ఇప్పుడొచ్చి, ఆడ ఉండె, నాకు తెలుసు అంటివి. నీ బరువు నువ్వు దించుకొంటివి సార్. ఇంగ నేను యాడ సర్దుకొనేది?"

ఆమె కొడవలి తీసుకుని పక్క వరసలోకి వెళ్లి గడ్డి కోయడం మొదలుపెట్టింది.